నిలువు తెర ప్రేమకథలు: ఏ యాప్‌లో చూడాలి, ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి

కథ నచ్చిందని యాప్ ఎంచుకోకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పి మిగతాది మొదలుపెడతాను. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే, ఎపిసోడ్‌కి నిమిషమో రెండు నిమిషాలో ఉండే ఈ ప్రేమ డ్రామాలు ఎక్కడ చూసినా కథలు దాదాపు అవే. కాంట్రాక్ట్ పెళ్లి, పేదవాడిలా నటించే కోటీశ్వరుడు, విడాకుల కాగితాల మీద సంతకం పెట్టేసి వెళ్లిపోయి ఐదేళ్లకి పిల్లాడితో తిరిగొచ్చే భార్య, ఆ పిల్లాడి మొహం చూడగానే అనుమానం వచ్చే నాయనమ్మ. చైనాలో తీసినా, లాస్ ఏంజెలెస్‌లో తీసినా, ముంబైలో తీసినా అదే వరస. ఒక యాప్‌లో మిస్సయిన కథకి చెల్లెలు లాంటి కథ ఇంకో యాప్‌లో దొరుకుతుంది. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది: ఆ యాప్ మీ దగ్గర డబ్బు ఎలా తీసుకుంటుంది, మాటలు చెవికి ఎలా వినిపిస్తాయి, రోజులో ఏ టైమ్‌లో మీ చేతికి ఫోన్ వస్తుంది.

ఎందుకు నచ్చుతాయో ముందు మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది తెలియకుండా ఎంచుకుంటే మనకి కావాల్సింది దొరకదు.

ఒక మొదటి ఎపిసోడ్ తీసుకోండి. మొదలవ్వగానే చెంపదెబ్బ. ఎవరు ఎవరిని కొట్టారో తెలిసేలోపే శబ్దం వినిపిస్తుంది. తర్వాత తెర నిండా అత్తగారి మొహం, ఆవిడ భుజం వెనకాల మసగ్గా కోడలు. ఫ్రేమ్ నిలువుది కదా, ఇద్దరు పక్కపక్కన నిలబడితే పట్టరు, అందుకే ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి తీస్తారు. దాంతో హాలు, సోఫా, కిటికీ ఏమీ కనపడవు, మనుషులే కనపడతారు. కళ్లలో నీళ్లు తిరిగితే ఆ నీళ్లు మన అరచేతిలో ఉంటాయి. ముప్పయ్యో సెకనుకి బల్ల మీద కాగితాలు, పెన్ను. "సంతకం పెట్టి వెళ్లిపో". నలభయ్యో సెకనుకి బయట నల్ల కార్ల వరస ఆగుతుంది. కారు తలుపు తెరుచుకుంటుంది, మెరిసే బూటు నేల మీద ఆనుతుంది, అత్తగారి మొహం రంగు మారుతుంది. కట్. వచ్చింది ఎవరో తెలియాలంటే తర్వాతి ఎపిసోడ్, అది మనం వేలు కదపకుండానే మొదలైపోతుంది.

ఇందులో అసలు సరుకు ప్రేమ కంటే ముందు మర్యాద. అవమానపడ్డ మనిషికి పోయిన మర్యాద తిరిగి రావడం, అది కూడా తొందరగా రావడం. టీవీ సీరియల్లో కోడలికి జరిగిన అన్యాయం బయటపడటానికి నెలలు పడుతుంది, మధ్యలో పండగ స్పెషల్ ఎపిసోడ్లు, ఒక కిడ్నాప్, ఒక యాక్సిడెంట్. వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివిన తరం అయితే "సశేషం" అన్న చోట ఆగి వారం ఎదురుచూసింది. ఆత్మాభిమానం ఉన్న అమ్మాయి, పొగరున్న డబ్బున్న అబ్బాయి కథలు మనవాళ్లకి కొత్త కాదు, తెలుగులో రెండు మూడు తరాల ఆడవాళ్లు వాటిని ప్రాణంగా చదివారు. ఇక్కడ కొత్తది వేగం. మూడో ఎపిసోడ్‌లో పడ్డ మాటకి ఐదో ఎపిసోడ్‌లో జవాబు వచ్చేస్తుంది. పొద్దున్నించీ బట్టల షాపులో నిలబడి, కస్టమర్లతోనూ ఓనరుతోనూ మాటలు పడి, బస్సులో సీటు దొరికాక పది నిమిషాలు ఇలాంటిది చూసే అమ్మాయిని చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం. ఆ పది నిమిషాల్లో ఒకరి అవమానానికైనా న్యాయం జరుగుతుంది. అది చిన్న విషయం కాదు.

పొట్టిగా ఉండటమే ఆకర్షణ అనుకుంటే పొరపాటు. అమెరికాలో క్విబి అని ఒక యాప్ వచ్చింది, హాలీవుడ్ పెద్దమనిషి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ పెట్టింది. ఫోన్ కోసమే తీసిన పది నిమిషాల లోపు ఎపిసోడ్లు, పెద్ద పెద్ద స్టార్లు, సుమారు 175 కోట్ల డాలర్ల పెట్టుబడి. 2020 ఏప్రిల్‌లో మొదలై అదే ఏడాది డిసెంబరుకి మూతపడింది. లాక్‌డౌన్ రోజుల్లో జనం ఇళ్లలోనే ఉన్నారు, డబ్బులిచ్చి చూడాలి, మొదట్లో స్క్రీన్‌షాట్ కూడా తీయనిచ్చేది కాదు, ఇలా కారణాలు చాలా చెబుతారు. నా మటుకు నాకు పెద్ద కారణం వేరే. అందులో చాలావాటిని మామూలు సినిమాని ముక్కలు చేసినట్టు తీశారు, ప్రతి ముక్క చివరా మనిషిని పట్టి ఉంచే కొక్కెం లేదు. చైనా వాళ్లు చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: స్టార్లు లేరు, ఖర్చు తక్కువ, వారం పది రోజుల్లో షూటింగ్ పూర్తి, కొక్కెం మాత్రం ప్రతి నిమిషానికీ ఒకటి. 2024లో అక్కడ ఈ డ్రామాల మార్కెట్ సుమారు 5,000 కోట్ల యువాన్లకి చేరి, సుమారు 4,250 కోట్ల యువాన్ల సినిమా కలెక్షన్లని దాటేసింది. ఆ పద్ధతినే ఇంగ్లీషు నటులతో అమెరికాలో దించింది రీల్‌షార్ట్ అనే యాప్, 2022లో వచ్చింది, కాలిఫోర్నియాలోని క్రేజీ మేపుల్ స్టూడియోది. డ్రామాబాక్స్ ఇంకోటి, సింగపూర్ కంపెనీ. వాటి వెనకాలే మన దేశంలో కుకు టీవీ, షేర్‌చాట్ వాళ్ల క్విక్ టీవీ, జీ5లో కనపడే బుల్లెట్, ఎమ్‌ఎక్స్ ప్లేయర్‌లో ఫటాఫట్, ఇలా వరస కట్టాయి.

ఇక ఎంపిక సంగతి.

కాయిన్ల యాప్‌లు

రీల్‌షార్ట్, డ్రామాబాక్స్ లాంటివి ఈ రకం. మొదటి కొన్ని ఎపిసోడ్లు ఫ్రీ, సరిగ్గా కథ ముడి పడే చోట తాళం. ఆ తాళం తీయడానికి కాయిన్లు, కాయిన్లు కొనడానికి డబ్బులు. కొన్ని చోట్ల యాడ్స్ చూసినా, రోజూ యాప్ తెరిచినా కాసిని కాయిన్లు ఇస్తారు, కానీ అవి కథ మొత్తానికి సరిపోవు.

ఈ పద్ధతిలో చిక్కేమిటంటే మొత్తం ధర ఎక్కడా కనపడదు. ఎపిసోడ్‌కి ఇన్ని కాయిన్లు అని ఉంటుంది, ప్యాక్‌కి ఇన్ని రూపాయలు అని ఇంకోచోట ఉంటుంది, రెండూ కలిపి చూపించరు. అందుకని మొదటి ప్యాక్ కొనే ముందే కాగితం మీద లెక్క వేసుకోండి. మిగిలిన ఎపిసోడ్లు ఎన్ని, ఒక్కోదానికి కాయిన్లు ఎన్ని, ఆ కాయిన్లకి రూపాయలు ఎన్ని. ఇంకో లెక్క కూడా వేయండి: ఎనభై ఎపిసోడ్లు, ఒక్కోటి ఒకటిన్నర నిమిషం, మొత్తం రెండు గంటలు. అంటే మీరు కొంటున్నది ఒక సినిమా. మల్టీప్లెక్స్ టికెట్ కంటే ఎక్కువ పడుతుంటే ఆ తాళం దగ్గరే వదిలేయండి, ఏ ప్రేమకథా అంత ఖరీదు చేయదు.

అమెరికాలో ఉన్న మన వాళ్లకి ఇక్కడ ఒక మాట. అక్కడ ఈ యాప్‌ల సబ్‌స్క్రిప్షన్ నెలకి అనుకుని నొక్కేస్తారు, చాలాసార్లు అది వారానికి, ఇరవై డాలర్ల దాకా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ నెల ఖర్చు ఇక్కడ వారంలో పోతుంది. వారం తీసుకున్న రోజే క్యాన్సిల్ చేసేసి, ఆ వారంలో నచ్చినవి రెండు మూడు పూర్తిగా చూడటం ఒక్కటే తెలివైన దారి. క్యాన్సిల్ చేసినా కట్టిన వారం అయ్యేదాకా మామూలుగా నడుస్తుంది.

వీటిని ఎవరు ఎంచుకోవాలి? ఇంగ్లీషో, సబ్‌టైటిల్సో ఇబ్బంది లేనివాళ్లు, ఏడాదికి ఒకటో రెండో చూసేవాళ్లు, చేతిలో లెక్క ఉన్నవాళ్లు. రోజూ చూసేవాళ్లకి ఇది పనికిరాదు.

సబ్‌స్క్రిప్షన్ యాప్‌లు

మన దేశం యాప్‌లు ఎక్కువగా ఈ దారి పట్టాయి. ఒకసారి కడితే అన్ని ఎపిసోడ్లూ తెరుచుకుంటాయి, తెలుగు కూడా ఉంటుంది, ధర కాయిన్ల కంటే చాలా తక్కువ. రోజూ చూసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. కాకపోతే ఒక్క విషయంలో కళ్లు తెరుచుకుని ఉండాలి, ఆటోపే, అంటే మన ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు.

మా పిన్ని సంగతి చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కథ ముక్క చూసింది, పెళ్లి మండపంలో పెళ్లికొడుకు మారిపోయే సీన్. కింద నొక్కితే ఒక యాప్ వచ్చింది, ఒకటి రెండు రూపాయలతో ట్రయల్ అంది. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టింది. ఆవిడ కొట్టిన పిన్ ఆ రూపాయికి మాత్రమే కాదు, ట్రయల్ అయ్యాక పెద్ద మొత్తం తీసుకోవడానికి కూడా అనుమతి అని తెర అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కథ పూర్తయ్యాక యాప్ తీసేసింది. కొన్నాళ్లకి బ్యాంకు మెసేజ్ వచ్చింది, డబ్బులు కట్ అయ్యాయని. "నేను తీసేశాను కదే, ఇంకా ఎలా తీసుకుంటారు?" అని ఒకటే టెన్షన్. యాప్ తీసేస్తే ఐకాన్ పోతుంది, మాండేట్, అంటే డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి, పోదు. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ప్రొఫైల్‌లోకి వెళ్లి, ఆటోపే అన్న చోట ఆ పేరు వెతికి, క్యాన్సిల్ నొక్కి, మళ్లీ పిన్ కొడితేనే అది ఆగుతుంది. ఆ స్క్రీన్ తెరిచి చూస్తే పిన్నికి తెలియని మాండేట్ ఇంకోటి కూడా కనపడింది.

రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఇలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మనకి తెలియజేయాలి. 15,000 రూపాయల లోపు అయితే మళ్లీ పిన్ అడగాల్సిన పని లేదు. కాబట్టి ఆ ముందస్తు మెసేజే మనకున్న ఏకైక తలుపు, బ్యాంకు మెసేజ్‌లని చదవకుండా పక్కకి తోసే అలవాటు ఉంటే మానుకోండి. క్యాన్సిల్ బటన్ దొరక్కుండా దాచిపెట్టే యాప్ అయితే అది తప్పే. 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ (వాడేవాళ్లని మాయచేసే డిజైన్లు) మీద తెచ్చిన మార్గదర్శకాల్లో ఈ సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు పేరు పెట్టి మరీ ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, పోయింది నూటయాభై రూపాయలే కదా అని ఊరుకోకండి.

నా పద్ధతి ఇది: ట్రయల్ తీసుకున్న ఐదు నిమిషాల్లోనే ఆటోపే క్యాన్సిల్ చేసేస్తాను. ట్రయల్ రోజులు మిగిలితే మిగులుతాయి, పోతే పోతాయి. తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు నా అంతట నేను కడతాను.

డబ్బులు పెట్టను అనేవాళ్లకి

ఎమ్‌ఎక్స్ ప్లేయర్ ఫటాఫట్ లాంటివి యాడ్స్‌తో ఉచితం. యాడ్ వచ్చినప్పుడల్లా ఊపు పోతుంది నిజమే, కానీ అది మంచిదే అంటాను, ఆ విరామంలో టైమ్ ఎంతయిందో చూసుకుంటాం. యూట్యూబ్‌లో కూడా చాలా ఉన్నాయి. 2024 అక్టోబరు నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఉండొచ్చు కాబట్టి ఎపిసోడ్లు పూర్తిగా పెట్టేస్తున్నారు. కంపెనీల సొంత ఛానెళ్లలో పాత కథలు మొత్తం కలిపి రెండు గంటల వీడియోగా కూడా పెడతారు, తాళాలు లేకుండా. ఓపిక ఉంటే ఇది అన్నిటికంటే చవక.

వద్దనేది ఒకటుంది. ఎవరో దొంగతనంగా ఎత్తి, బొమ్మ అటూ ఇటూ తిప్పి, గొంతు సాగదీసి పెట్టే వీడియోలు. సరిగ్గా అసలు చోట ఆపి "మిగతాది కామెంట్‌లో లింక్" అంటారు. ఆ లింక్ టెలిగ్రామ్‌కి, అక్కడినుంచి ప్లే స్టోర్‌లో లేని ఏదో ఏపీకే ఫైల్‌కి (ఫోన్‌లో నేరుగా యాప్ ఎక్కించే ఫైల్) తీసుకెళ్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి, బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో అసలు చేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇవి చూస్తుంటే ఈ ఒక్క విషయం పక్కన కూర్చుని చెప్పండి.

డబ్బింగా, మన తెలుగా

ఇది నాకు డబ్బు కంటే పెద్ద విషయం. తెలుగులో వస్తున్న నిలువు డ్రామాల్లో చాలావాటికి డబ్బింగే ఆధారం, అందులో కొన్నిటికి ఏఐ గొంతులు. పరీక్షించడం తేలిక. మొదటి ఎపిసోడ్‌ని బట్టి తేల్చకుండా ఏడో ఎనిమిదో ఎపిసోడ్ దాకా విని చూడండి. హీరోయిన్ ఏడుస్తూ మాట్లాడేటప్పుడు గొంతు పొడిగా వార్తలు చదివినట్టు ఉందా? మధ్యలో గొంతే మారిపోయిందా? ఇంకోటి, తెర మీద రాత. ఈ కథల్లో సగం మలుపులు కాగితాల్లోనూ ఫోన్ మెసేజ్‌ల్లోనూ ఉంటాయి, డీఎన్‌ఏ రిపోర్టు, విడాకుల పత్రం, అర్ధరాత్రి వచ్చిన మెసేజ్. ఆ చైనా అక్షరాల మీద తెలుగు వేయకుండా వదిలేస్తే హీరో ఎందుకు కుప్పకూలాడో మనకి అర్థం కాదు. అలాంటి డబ్బింగ్ చూసేకంటే సబ్‌టైటిల్స్ సరిగ్గా ఉన్న ఒరిజినల్ నయం.

వీటికి బదులు యూట్యూబ్‌లో మన కుర్రాళ్లు తీసే తెలుగు ప్రేమ సిరీస్‌లు ఉన్నాయి. ఎపిసోడ్ పది, ఇరవై నిమిషాలు, ఫోన్ అడ్డంగా తిప్పి చూడాలి. నల్ల కార్లు ఉండవు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం, ఆఫీసు క్యాబ్, సంక్రాంతికి ఊరెళ్లాక ఆగిపోయిన మెసేజ్‌లు. అక్కడ ప్రేమ మెల్లిగా పుడుతుంది, మాట మన మాట. నిలువు డ్రామా ఇచ్చే ఆ చురుకు అక్కడ దొరకదు, నిలువు డ్రామాలో ఈ నెమ్మది దొరకదు. రెండూ వేరు వేరు ఆకళ్లు. అలసిపోయి, బుర్ర పనిచేయని రోజున మొదటిది, ఆదివారం మధ్యాహ్నం రెండోది, నేనైతే అలాగే చూస్తాను. వంట చేస్తూ వినడానికి పాకెట్ ఎఫ్‌ఎమ్, కుకు ఎఫ్‌ఎమ్ లాంటి ఆడియో కథలున్నాయి, అవి వందల ఎపిసోడ్లు సాగుతాయి, ముగింపు కోసం తొందరపడేవాళ్లు వాటి జోలికి వెళ్లకండి.

ఏ హీరోని ఎంచుకోవాలి

కథలన్నీ ఒకటే అన్నాను గానీ హీరోలు అందరూ ఒకటి కాదు. కొన్నిటిలో హీరో వద్దంటున్న అమ్మాయి మణికట్టు పట్టి ఈడ్చుకెళ్తాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, వెనకాల మెత్తటి సంగీతం వస్తుంది. దాన్ని ప్రేమ అని చూపించడం నాకు నచ్చదు. చైనాలోనే ప్రభుత్వ టీవీ నియంత్రణ సంస్థ 2022 చివర్లో మొదలుపెట్టిన తనిఖీల్లో అశ్లీలం, హింస ఉన్నాయని 25 వేలకు పైగా చిన్న డ్రామాలని తీయించేసింది, 2024 నవంబరులో అయితే ఈ పొగరుబోతు బాస్ కథలని తగ్గించమని నిర్మాతలకి చెప్పింది. వాళ్ల కారణాలు వాళ్లవి, మనం మాత్రం మొదటి ఐదు ఎపిసోడ్లలో ఒకటి గమనించొచ్చు: అమ్మాయి "వద్దు" అన్నప్పుడు హీరో ఆగాడా లేదా. ఆగే హీరోల కథలు కూడా బోలెడు ఉన్నాయి, పెళ్లయ్యాక మెల్లిగా ప్రేమలో పడే రకం కథల్లో ఎక్కువగా దొరుకుతారు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇల్లయితే రేటింగ్ చూడండి, 2021 ఐటీ నియమాల కింద ఓటీటీలు యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని గుర్తు వేయాలి. ఆ గుర్తే కనపడని యాప్‌ని పిల్లలున్న ఇంట్లో పెట్టకపోవడం మంచిది.

ఎక్కడ ఆపాలి

అందరూ అడిగేది ఇదే: మొదలుపెడితే ఆపలేకపోతున్నాం. ఎపిసోడ్ అయ్యాక ఆపుదాం అనుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం. ఎపిసోడ్ చివర అంటే సరిగ్గా కొక్కెం వేసిన చోటు. అక్కడ ఆపడం ఎవరి వల్లా కాదు, ఆపలేకుండా చేయడానికే రచయితలు అంత కష్టపడ్డారు. కాస్త గమనిస్తే ముడి విడిపోయేది తర్వాతి ఎపిసోడ్ మొదటి ఇరవై ముప్పై సెకన్లలో. కారులోంచి దిగింది ఎవరో తెలిసిపోతుంది, అత్తగారు నోరెళ్లబెడుతుంది, మనసు కాస్త కుదుటపడుతుంది, ఇంకా కొత్త ముడి పడలేదు. ఆపాల్సింది అక్కడ, ఎపిసోడ్ మధ్యలో. సెట్టింగ్స్‌లో ఆటోప్లే తీసేసే వీలుంటే తీసేయండి, నోటిఫికేషన్లు కట్టేయండి, "మీ హీరోయిన్ ప్రమాదంలో ఉంది" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పంపే యాప్‌లు ఉన్నాయి.

ఎవరికి ఏది

రోజూ బస్సులో, మెట్రోలో చూసేవాళ్లు తెలుగు ఉన్న సబ్‌స్క్రిప్షన్ యాప్ ఒక్కటి పెట్టుకోండి, ఒక్కటే. రెండు మూడు పెట్టుకుంటే కథలు కలిసిపోయి ఏ భార్య ఏ కోటీశ్వరుడిదో గుర్తుండదు. నెలకి ఒకసారి కట్టేది ఉంటే అదే తీసుకోండి, మూడు నెలలకి, ఏడాదికి తక్కువ పడుతుందని ఆశపడకండి, ఈ కథల మీద మోజు కొందరికి రెండు నెలల్లో తీరిపోతుంది. అమ్మానాన్నల ఫోన్‌లో అయితే యాడ్స్ ఉన్న ఉచితమే పెట్టండి, ఆటోపే గోల ఉండదు. ఒక్క కథ కోసమే మనసు కొట్టుకుంటుంటే ముందు ఆ కంపెనీ యూట్యూబ్ ఛానెల్ వెతకండి, అక్కడ లేకపోతే కాయిన్ల లెక్క వేయండి. పరీక్షలకి చదువుతున్నవాళ్లు మాత్రం పరీక్షలు అయ్యేదాకా వీటికి దూరంగా ఉండి, అంతగా కావాలంటే వారానికి ఒక ఎపిసోడ్ వచ్చే తెలుగు యూట్యూబ్ సిరీస్ ఒకటి పట్టుకోండి. అది ఎలాగూ వచ్చే వారం దాకా రాదు.